లెక్కల మాస్టారి అలంకార పాఠం

మీరు కొత్తగా బడిపంతులు ఉద్యోగంలో చేరినవాళ్లు కాబట్టి మీకు పనికొచ్చే సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. హెడ్మిస్ట్రెస్ గారు మిమ్మల్ని గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, అడక్కుండానే టీ తెప్పించారంటే మీ కొంప మునిగినట్టే. ఆ టీ తాగకండి. కడుపులో మంటనో, ఉపవాసమనో చెప్పి బయటపడండి. నేను ఆ రోజు టీ తాగాను. బిస్కెట్లు కూడా తిన్నాను. అందుకే లెక్కల మాస్టారిగా చేరినవాణ్ణి, ఆఖరి ఏడాది తెలుగు కూడా చెప్పి రిటైరయ్యాను.

మాది హనుమాన్ జంక్షన్ నుంచి లోపలికి వెళితే వచ్చే ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు. నేను చేరిన కొత్తల్లో చుట్టూ వరిచేలుండేవి. తర్వాత్తర్వాత అన్నీ చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయిపోయాయి. నేను విజయవాడ నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ణి. గన్నవరం దాకా నిద్ర, అక్కణ్ణుంచి పేపరు, స్కూల్లో అడుగుపెట్టాక పక్కవాళ్ల సబ్జెక్టుల మీద వ్యాఖ్యానం. ఇదీ నా దినచర్య.

ఈ మూడోది నా ప్రాణం మీదికొచ్చింది. మా స్కూల్లో తెలుగు పండితుడొకాయన ఉండేవారు. నాకు మంచి స్నేహితుడు. ఆయన డబ్బాలో పచ్చడి నేను తింటూ, ఆయన సబ్జెక్టుని వెక్కిరిస్తూ ఉండేవాణ్ణి. “మీకేమండీ, రాగం తీసి పద్యం పాడితే పీరియడ్ గడిచిపోతుంది. మాకలా కాదు, జవాబు రావాలి” అనేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఓసారి పిల్లలకి అలంకారాలు బొత్తిగా ఎక్కడం లేదని ఆయన స్టాఫ్ రూములో బాధపడుతుంటే, “అలంకారాలదేముందండీ, నాలుగు సూత్రాలు పడేస్తే పిల్లలే చేసుకుంటారు” అనేశాను. అందరూ విన్నారు. హెడ్మిస్ట్రెస్ గారు కూడా విన్నారని నాకు అప్పుడు తెలియదు.

ఆ వేసవి బదిలీల్లో ఆయన ఇబ్రహీంపట్నం వైపు ఒక స్కూలు కోరుకుని వెళ్లిపోయారు. ఇల్లు దగ్గరని. ఆయన బదులు ఎవరూ రాలేదు. స్కూళ్లు తెరిచిన వారానికి టీ వచ్చింది.

“మాస్టారూ, పదో తరగతికి తెలుగు ఎవరు చెబుతారంటారు?” అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

“ఎవరినైనా డెప్యుటేషన్ మీద పంపమని అడుగుదామండీ.”

“అడిగాను. ఎవరూ లేరన్నారు. అందుకని మిమ్మల్ని అనుకుంటున్నాను.”

“నాకు తెలుగెక్కడొచ్చు మేడమ్?”

“మరి ఇప్పుడు మీరు మాట్లాడుతున్నదేంటండీ?”

“ఇది మాట్లాడటం. పాఠం చెప్పటం వేరు కదండీ.”

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “అలంకారాలదేముంది, నాలుగు సూత్రాలు పడేస్తే పిల్లలే చేసుకుంటారు అన్నదెవరు మాస్టారూ?”

బిస్కెట్ గొంతుకడ్డం పడింది. ఆవిడే మంచినీళ్లు అందించారు.

ఇంటికొచ్చి పదో తరగతి తెలుగు వాచకం ముందేసుకుని కూర్చున్నాను. పాఠాలూ పద్యాలూ ఎలాగో అర్థమయ్యాయి. అలంకారాల దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు ఉత్సాహం పుట్టుకొచ్చింది. ఉపమాలంకారానికి నాలుగు భాగాలట. దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం. దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం. రెంటికీ ఉమ్మడిగా ఉన్న గుణం సమానధర్మం. ‘లా’, ‘వలె’ లాంటి మాట ఉపమావాచకం. ఇదేదో సమీకరణంలా ఉందే అని సంబరపడ్డాను. వెంటనే మా ఆవిణ్ణి పిలిచి, “నీ ముఖం చంద్రబింబంలా ప్రకాశిస్తోంది” అన్నాను.

“బీపీ మాత్ర వేసుకున్నారా?” అంది.

“నీ ముఖం ఉపమేయం. చంద్రబింబం ఉపమానం. ప్రకాశించటం సమానధర్మం.”

“పాఠమా! ఇంకా ఏదో అనుకున్నాను” అని లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట కూరలో ఉప్పు తగ్గింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని నేను చాలా రోజుల తర్వాత గ్రహించాను.

వారం తిరిగేసరికి నా సూత్రాలు తయారయ్యాయి. గోడకి పెద్ద చార్టు అంటించాను. ‘లా, వలె, లాంటి’ కనబడితే ఉపమ. పోలికా పోల్చినదీ ఒకటే అనేస్తే రూపకం. ‘అన్నట్టు, ఏమో, కాబోలు’ కనబడితే ఉత్ప్రేక్ష. చదవగానే నమ్మబుద్ధి కాకపోతే అతిశయోక్తి. ఇవేవీ కాకపోతే స్వభావోక్తి. ఈ ఆఖరి సూత్రం నాకు మహా ముద్దొచ్చింది. ఉన్నదున్నట్టు కళ్లకి కట్టేలా వర్ణించడం స్వభావోక్తి అని పుస్తకంలో ఉంది కానీ, అంత పొడుగు ఎందుకని నేనే తగ్గించాను.

పిల్లలు వాక్యం చూడగానే అలంకారం పేరు ఠపీమని చెప్పేస్తున్నారు. వాక్యం చదవకుండానే, అందులో ‘లా’ ఉందో లేదో వెతుక్కుని చెప్పేస్తున్నారు. నాకు ఒళ్లు పొంగిపోయి పండితుడికి ఫోన్ చేశాను.

“మీరు ఇరవయ్యేళ్లు చెప్పలేనిది నేను నెలలో చెప్పేశానండీ. పిల్లలు ఒక్కటీ తప్పు పోవడం లేదు.”

“బాగుంది మాస్టారూ. మరి సొంతంగా ఒక ఉపమ చెప్పమంటే చెబుతున్నారా?”

“అది సిలబస్‌లో ఉందా?”

“సిలబస్ సంగతి నాకు తెలియదు గానీ, పరీక్షలో అడుగుతారు” అని నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ వారమే యూనిట్ టెస్ట్ పెట్టి, ‘మీకు నచ్చిన అలంకారానికి సొంత ఉదాహరణ రాయండి’ అని అడిగాను. అందరూ చంద్రబింబమే రాశారు. ఒక్క పిల్ల మాత్రం ఏమీ రాయకుండా వదిలేసింది. అంతకంటే నన్ను కంగారు పెట్టినదేంటంటే, సొంతమాటల్లో రాయమన్న ప్రతి ప్రశ్నా వదిలేసింది. వ్యాసం లేదు, లేఖ లేదు, సంభాషణ లేదు. ఇలా రాస్తే తెలుగు తప్పడం ఖాయం. ఆ పిల్ల నా లెక్కల క్లాసులో అందరికంటే ముందుండే పిల్ల. నేను బోర్డు మీద లెక్క తప్పు చేస్తే, నేను నొచ్చుకోకుండా, “సార్, ఆ మైనస్ అలాగే ఉంచుతారా?” అని అడిగే పిల్ల. ఇన్నేళ్లలో నాకు దొరికిన అంత మంచి విద్యార్థి పదో తరగతి తప్పితే, అది నా చేతిలోనే తప్పుతుందన్నమాట.

ఇంటర్వెల్‌లో పిలిచాను.

“ఎందుకు వదిలేశావమ్మా?”

“సొంతంగా రాయమన్నారు కదా సార్.”

“అవును. రాయి మరి.”

“సొంతంగా అంటే నాకు తెలుగులో రాదు సార్. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ కదా. ఏడో తరగతిలో ఒకసారి రాస్తే క్లాసులో చదివి వినిపించారు. అందరూ నవ్వారు.”

“ఇప్పుడు నువ్వు నాతో మాట్లాడుతున్నదేంటి?”

“ఇది మాట్లాడటం సార్. రాయడం వేరు.”

నేను హెడ్మిస్ట్రెస్ గారితో అన్న మాటే. నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు.

వాళ్ల నాన్నకి జంక్షన్లో లారీ సీట్లు కుట్టే షాపుంది. కుషన్ వర్క్ అని బోర్డు. మనిషి మంచివాడే, చదివిస్తాననే అంటాడు. కానీ ఒక్కసారి తప్పితే మళ్లీ ఫీజు కట్టి రాయించే ఆనవాయితీ ఆ ఇంట్లో లేదు. వాళ్ల అక్క అలాగే ఇంగ్లీషు తప్పి కుట్టుమిషన్ ముందు కూర్చుంది. ఈ పిల్లకి పాలిటెక్నిక్‌లో చేరి సివిల్ చదవాలని ఉంది. “పది పాసవకుండా పాలిటెక్నిక్‌లో సీటివ్వరు కదా సార్” అంది తలొంచుకుని. లెక్క సరిగ్గానే వేసుకుంది. అందులో తెలుగు ఒక్కటే తీసివేత.

నేను ఏం చేశానో వినండి, నవ్వుకోండి. ‘సొంత ఉదాహరణలు’ నేనే కొన్ని తయారుచేసి, క్లాసులో డిక్టేట్ చేసి, అందరి చేతా బట్టీ పట్టించాను. ‘మా ఊరి కాలువ పాములా మెలికలు తిరిగింది’ లాంటివి. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. ఆ పిల్ల మాత్రం కలం పక్కన పెట్టేసింది.

“రాసుకోలేదేం?”

“అది మీ సొంతం కదా సార్. నా సొంతం ఎలా అవుతుంది?”

దీనికి సమాధానం మీరైనా చెప్పగలరా? “ముందు రాసుకో, తర్వాత చూద్దాం” అన్నాను. జవాబు తెలియనప్పుడు మనం అనే మాటే అది. రాసుకుంది కానీ నేర్చుకోలేదు. తర్వాతి పరీక్షలోనూ ఆ ప్రశ్న ఖాళీ. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, అందుకని బస్సులో గన్నవరం దాటినా లేచేవాణ్ణి కాదు. ఒకరోజు ఏకంగా ఏలూరు వెళ్లిపోయాను.

ఇంతలో స్కూల్ కాంప్లెక్స్ సమావేశం వచ్చింది. మీకు తెలిసిందే. చుట్టుపక్కల స్కూళ్ల ఉపాధ్యాయులంతా ఒక స్కూల్లో చేరతారు. సబ్జెక్టులవారీగా కూర్చుంటారు. ఒకరు పిల్లలకి మాదిరి పాఠం చెబుతారు. మిగతావాళ్లు వెనక బెంచీల్లో కూర్చుని తప్పులు పట్టుకుంటారు. ఆసారి సమావేశం మా స్కూల్లో. తెలుగు మాదిరి పాఠం ఆతిథ్య పాఠశాలదేనన్నారు. మా స్కూల్లో తెలుగు మాస్టారెవరు? నేను. మండలంలో ఉన్న తెలుగు పండితులందరి ముందు అలంకారాలు చెప్పాలి. పెళ్లికి ఎన్నడూ మంత్రం చదవనివాణ్ణి పీటల ముందు కూర్చోబెట్టినట్టయింది నా పని.

అప్పుడు నాకు ఒక పాత కిటుకు గుర్తొచ్చింది. మా కాలంలో తనిఖీలకి వాడేవాళ్లం, మీరు వాడొద్దు. అడిగిన ప్రశ్నకి క్లాసంతా చేతులెత్తాలి. జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి. చూసేవాళ్లకి ఊళ్లో పిల్లలంతా సరస్వతీ పుత్రుల్లా కనబడతారు. మనం కుడిచెయ్యి ఎత్తినవాణ్ణి లేపి జవాబు రాబట్టుకుంటాం. ముందురోజు పిల్లల చేత చేతులెత్తడం వరకు బాగా సాధన చేయించాను. సొంత ఉదాహరణ అడిగితే నా డిక్టేషన్ వచ్చినవాళ్లు కుడిచెయ్యి, రానివాళ్లు ఎడమ. పిల్లలకి ఈ ఆట తెగ నచ్చింది.

ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాను. పండితులు వెనక బెంచీల్లో సర్దుకున్నారు. అందరి మధ్యలో ఒక పెద్దాయన. తెల్ల పంచె, జేబులో రెండు పెన్నులు. ఆయన ముందు పాఠం చెప్పాలంటే తెలుగు మాస్టార్లకే చెమటలు పడతాయని చెప్పుకునేవారు. నాకు చొక్కా తడిసిపోయింది.

ఉపమ లక్షణం చెప్పాను. భాగాలు చెప్పాను. అంతవరకు బాగానే ఉంది. “ఇప్పుడు మీలో ఎవరు సొంతంగా ఒక ఉదాహరణ చెబుతారు?” అన్నాను. క్లాసంతా చేతులెత్తింది. వెనక బెంచీల్లో ఒకాయన “భేష్” అన్నారు.

కుడివైపు చెయ్యి ఎత్తినవాణ్ణి చూసి లేపాను. చెరువుగట్టున ఇల్లున్న కుర్రాడు.

“నేనా సార్?” అన్నాడు, ఎత్తిన చెయ్యి ఇంకా పైకెత్తి ఊపుతూ.

“నువ్వేరా. చెప్పు.”

వాడు బిక్కమొహం వేసి అటూ ఇటూ చూశాడు. తర్వాత తెగించాడు. “సార్ తెలుగు చెప్పడం మా చెరువులో ఏరియేటర్ లాంటిదండీ. నీళ్లు తెగ చిమ్ముతుంది గానీ ఉన్నచోటే ఉంటుంది.”

క్లాసు గొల్లుమంది. పండితులు క్లాసుని మించి నవ్వారు. రొయ్యల చెరువుల్లో గాలి కోసం తిరిగే ఆ చక్రాలు ఆ మండలంలో తెలియనివాళ్లెవరు? నేను గౌరవం నిలబెట్టుకుందామని, “ఇందులో ఉపమేయం ఏదిరా?” అన్నాను.

“మీరే సార్.”

సరిగ్గానే చెప్పాడు, అదే బాధ. మంచి పిల్లవాడు ఈ రోజెందుకిలా తప్పాడో నాకు అర్థం కాలేదు. ఈసారి గట్టి పిల్లని లేపుదామని, మళ్లీ కుడివైపు చెయ్యి చూసుకుని ముందు బెంచీలో పిల్లని చూపించాను. లేచి నిలబడ్డాక చూద్దును కదా, ఆ పిల్లే. ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు. ఆ చేతికి గడియారం ఉంది.

గడియారం మనం ఏ చేతికి పెట్టుకుంటాం?

అప్పుడు బుర్రకెక్కింది. నేను వాళ్లకెదురుగా నిలబడి ఉన్నాను. నా కుడివైపు కనబడేది వాళ్ల ఎడమచెయ్యి. అద్దంలో ప్రతిబింబం ఎలా పడుతుందో ఏళ్ల తరబడి పిల్లలకి బొమ్మలు గీసి చెప్పినవాణ్ణి. తెలియనివాళ్లని ఏరి ఏరి లేపుతున్నాను. లేపిందెవరిని? సొంత వాక్యం చెబితే నవ్వుతారన్న భయంతో బడే వదులుకోబోతున్న పిల్లని. అదీ మండలంలో పండితులందరి ముందు. ఇక్కడ నవ్వారంటే ఆ పిల్ల జన్మలో తెలుగులో ఒక్క ముక్క రాయదు.

“కూర్చోమ్మా, ఇంకొకరు చెబుతారు...” అన్నాను.

“ఉండండి మాస్టారూ. లేపాక చెప్పనివ్వాలి కదా” అన్నారు పెద్దాయన.

ఆ పిల్ల నా వంక చూసింది. నన్ను తిట్టుకుంటోందని అనుకున్నాను, తిట్టుకోవాల్సిందే. తర్వాత కిటికీలోంచి బయటికి చూసింది. మెల్లిగా అంది: “రోజుల తరబడి ఇల్లు చూడని డ్రైవరు కూడా, మా నాన్న కుట్టిన సీట్లో కూర్చుంటే, ఇంట్లో మంచం మీద కూర్చున్నట్టే ఉంటుంది సార్.”

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన ముందుకి వంగారు.

“మళ్లీ చెప్పమ్మా.”

“తప్పాండీ?” అంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

“తప్పూ ఒప్పూ తర్వాత. వెనక వాళ్లకి వినబడలేదు. మళ్లీ చెప్పు.”

చెప్పింది. ఈసారి కాస్త గట్టిగా.

“ఉపమ. చక్కటి ఉపమ” అన్నారు కళ్లజోడు పండితులొకాయన.

“ఉపమ ఎలా అవుతుందండీ? ఆ డ్రైవరు ఇంట్లో ఉన్నానని ఊహించుకుంటున్నాడు. ఉత్ప్రేక్ష” అన్నారు ఆయన పక్కనున్న మేడమ్.

“లారీ సీటెక్కడ, ఇంట్లో మంచమెక్కడ? ఆ గతుకుల్లో అంత సుఖమా? ఇది అతిశయోక్తి” అన్నారు ఇంకొకాయన.

పెద్దాయన అందర్నీ ఆగమని చెయ్యెత్తారు. “మీరెవరైనా ఆ సీట్లో కూర్చున్నారా? కూర్చోకుండా అతిశయోక్తని ఎలా అంటారు? వాళ్ల నాన్న కుట్టు అంత బాగుంటే అది స్వభావోక్తే కదండీ!”

ఇంక చూడండి. పండితులు పండితుల మీద పడ్డారు. లక్షణాలు చదివారు, పద్యాలు పాడారు, ఒకరి గురువుల్ని ఒకరు తలచుకున్నారు. నా చార్టు వైపు ఒకాయన చెయ్యి చూపించి “ఇవేం సూత్రాలండీ, ఎవరు రాశారు?” అన్నారు. నేను ఎదుటి గోడకేసి చూశాను. మాదిరి పాఠం చెబుతున్నది నేనన్న సంగతి అందరూ మరిచిపోయారు. నాకు అంతకంటే కావలసిందేముంది! ఆ గొడవంతా సాగుతున్నంతసేపూ ఆ పిల్ల నిలబడే ఉంది, కూర్చోమని చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

“సార్” అని మెల్లిగా పిలిచింది నన్ను. “వీళ్లంతా నా వాక్యం గురించేనా?”

“అవునమ్మా.”

“అందులో తప్పులేం లేవా?”

“ఉంటే మొదటే పట్టుకునేవాళ్లు. తప్పు దొరికితే తెలుగు పండితులు ఇంతసేపు ఊరుకోరు.”

లెక్క చేసేటప్పుడు పెట్టే మొహం పెట్టింది. “అయితే అది తెలుగే కదా సార్?”

“తెలుగేనమ్మా” అన్నాను. ఆ పిల్ల తనంతట తనే కూర్చుంది.

హెడ్మిస్ట్రెస్ గారు గుమ్మంలోకి వచ్చి, “భోజనాలు చల్లారిపోతున్నాయండీ” అంటే గానీ వాదన ఆగలేదు. అది ఏ అలంకారమో మాత్రం తేలలేదు. చేతులు కడుక్కునే చోట పెద్దాయన నా పక్కకి వచ్చారు.

“మాస్టారూ, పాఠం ఘోరంగా ఉంది. పిల్లలు బాగున్నారు.”

“చిత్తం.”

“ఈ చేతుల విద్య మేమూ చేసినవాళ్లమే లెండి. కాకపోతే ఎదురుగా నిలబడితే చేతులు తారుమారవుతాయని మాకు గుర్తుండేది” అని, తువ్వాలుతో చేతులు తుడుచుకుని విస్తరి ముందుకి వెళ్లిపోయారు.

మర్నాడు చార్టు పీకేశాను. డిక్టేషన్లు మానేశాను. రోజుకి ఒకరు ఒక సొంత పోలిక తేవాలన్నాను. తెచ్చారు. సగానికి పైగా నా మీదే తెచ్చారు. నా బట్టతల మీద వచ్చిన రూపకాలు మా ఆవిడకి చెబితే ఆ పూట కూర అద్భుతంగా కుదిరింది. ఆ పిల్ల మాత్రం వెంటనే మారిపోయిందని అనుకోకండి. ఒక పరీక్షలో పేజీ నిండా రాసేది, మరో పరీక్షలో మళ్లీ సగం వదిలేసేది. ఒత్తులు తప్పుగా రాసేది. ప్రీ ఫైనల్లో వ్యాసం మొదలుపెట్టి, మధ్యలో భయమేసి కొట్టేసింది. ఆ రోజు స్టాఫ్ రూములో తల పట్టుకుని కూర్చున్నాను. పండితుడికి ఫోన్ చేస్తే, “కొట్టేసిందంటే ముందు రాసిందన్నమాటే కదండీ. అంతకుముందు కొట్టెయ్యడానికైనా ఏముంది?” అన్నారు. ఆ మాటతో పరీక్షలదాకా నెట్టుకొచ్చాను.

తెలుగు పరీక్ష రోజు సెంటరు గేటు బయట తల్లిదండ్రుల మధ్య నిలబడ్డాను. సొంత పిల్లలు రాసేటప్పుడు కూడా నేనలా నిలబడలేదు. ఆ పిల్ల బయటికి రాగానే, “ఏమైనా వదిలేశావా?” అన్నాను.

“ఏదీ వదల్లేదు సార్.”

“సొంత ఉదాహరణ అడిగారా? మీ నాన్న సీటు రాశావా?”

“అడిగారు సార్. అది అప్పుడే చెప్పేశాను కదా, మళ్లీ అదే ఎందుకని ఇంకోటి రాశాను.”

“ఏం రాశావు?”

“చెప్పను సార్” అని నవ్వుకుంటూ వాళ్ల నాన్న బండెక్కింది.

ఎండాకాలం అంతా నాకు అదే దిగులు. ఏం రాసిందో, కొట్టేసిందో, దిద్దేవాళ్లు ఏమనుకున్నారో. రిటైర్మెంట్ సభలో నాకు శాలువా కప్పుతున్నప్పుడు కూడా నా ధ్యాస ఆ పేపరు మీదే ఉంది. ఫలితాలు వచ్చిన రోజు నేను ఫోన్లో వెతుక్కుంటుండగానే ఆ పిల్ల నుంచి ఫోన్ వచ్చింది.

“సార్, పాసయ్యాను. తెలుగు కూడా.”

లెక్కల్లో ఎన్ని వచ్చాయని అడగటం కూడా మరిచిపోయాను. వెనకనుంచి వాళ్ల నాన్న, “సారుకి నా సలాం చెప్పు, పాలిటెక్నిక్‌లో చేర్పిస్తున్నామని చెప్పు” అంటున్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, నా మొహం చూసి, అడక్కుండానే సంగతి గ్రహించింది.

“ఇప్పుడైనా చెప్పమ్మా. ఆ సొంత ఉదాహరణ ఏం రాశావు?” అన్నాను.

“మీ గురించే సార్” అంది. “మా సార్ తెలుగు ఎంత బాగా చెబుతారో రాశాను.”

నాకు కళ్లు చెమర్చాయి. దాచుకోవడమెందుకు, శాలువా కప్పినప్పుడు రాని నీళ్లు అప్పుడొచ్చాయి. ఏరియేటరనీ, సూత్రాల పిచ్చోడనీ అనిపించుకున్నవాణ్ణి, ఒక్క పిల్లైనా నా పాఠం బాగుందని ప్రభుత్వ పరీక్షలో రాసిందనుకున్నాను. అక్కడితో ఊరుకుని ఫోన్ పెట్టేస్తే ఎంత బాగుండేది! మాస్టారి నోరు ఊరుకుంటుందా?

“అలాగా! ఏ అలంకారం కింద రాశావమ్మా?” అన్నాను.

“అతిశయోక్తి సార్” అంది.

ఎక్కడా మార్కు తియ్యడానికి వీల్లేని జవాబు.